చలికాలంలో సైకిలు ప్రయాణం: ఏం కప్పుకోవాలి, ఎలా కప్పుకోవాలి



పౌలు భక్తుడు చెరసాల నుండి తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరలో ఒక చిన్న సంగతి ఉంది. త్రోయలో ఒకరి ఇంట్లో విడిచి వచ్చిన తన అంగీని వచ్చేటప్పుడు తెచ్చిపెట్టమని అడుగుతాడు. చలికాలం రాకముందే బయలుదేరి రమ్మని కూడా అంటాడు. అంతటి సేవకుడే చలికి ఏం కప్పుకోవాలా అని ఆలోచించినప్పుడు, మనం ఆలోచించడంలో తప్పు లేదు. అందుకని ఈ సంచికలో చలికాలం సైకిలు మీద తిరిగేవారి బట్టల గురించి, వాటితో పాటు ఉండవలసిన చిన్న చిన్న సామాన్ల గురించి రాస్తున్నాము.

"మన హొళగుందలో చలి యాడుంది సిస్టరమ్మా, ఉండేదంతా ఎండలే" అని ఓపీలో కొందరు నవ్వుతారు. నిజమే, మంచు గడ్డ కట్టే ఊరు కాదు మనది. కానీ వేసవిలో నలభై దాటిన ఎండకు అలవాటుపడిన ఒళ్లు మనది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పదిహేను డిగ్రీల చుట్టుపక్కలకు దిగితే మనకు అది గట్టి చలే. దానికి తోడు సైకిలు తానే గాలి పుట్టిస్తుంది. గాలి కదలని రోజైనా, గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి ఎదురుగా పదిహేను కిలోమీటర్ల గాలి కొట్టినట్టే. అరుగు మీద కూర్చున్న అవ్వకు తెలియని చలి, అదే సమయంలో ఎల్లెల్సీ కాలువ గట్టు మీద పాలక్యాను తగిలించుకొని వచ్చే మనవడికి తెలిసేది ఇందుకే.

ఈ నెలల్లో మన పక్క సైకిలు తొక్కేది ఎవరో ఒకసారి చూడండి. నెరణికి, హెబ్బటం, పెద్దహ్యట లాంటి ఊళ్ల వైపు నుండి బడికి వచ్చే పిల్లలు. పాలవారు, పేపరు వేసే అబ్బాయిలు. ఆదోనిలో జిన్నింగు మిల్లులకు షిఫ్టు మీద పోయేవారు. పత్తి విడిపించడానికి తెల్లవారకముందే బయలుదేరే కూలీలు. క్రిస్మస్ ముందు రాత్రుళ్లు ఇంటింటికి కీర్తనలు పాడుతూ తిరిగే మన యువజనులు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగించుకొని ఒంటి గంటకు ఇల్లు చేరే కుటుంబాలు. అందరూ చీకటిలోనో మసక వెలుతురులోనో తిరిగేవారే. జనవరి మొదట్లో మనకు సూర్యుడు ఉదయించేది దాదాపు ఆరూ ముప్పావుకు. పిల్లలు ప్రైవేటుకు బయలుదేరేది అంతకంటే ముందే.

మేము చెప్పిన మాట, జరిగిన సంగతి

బట్టల గురించి చెప్పే ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. కొన్ని ఏళ్ల క్రితం కాలువ అవతలి ఊరి నుండి ఒక తల్లి తన పన్నెండేళ్ల బాబును తీసుకొని వచ్చింది. బాబుకు ఉబ్బసం. చలికి ఆయాసం ఎక్కువవుతోంది. డాక్టరుగారు మందులు రాశారు. మేము అలవాటు ప్రకారం, "అమ్మా, బడికి పంపేటప్పుడు మెడ, చెవులు గట్టిగా కప్పి పంపు" అని చెప్పి పంపాము. ఆ తల్లి సంతలో మంచి పొడుగు మఫ్లరు కొని, మెడకు రెండు చుట్లు చుట్టి పంపింది.

రెండు వారాలకు అదే బాబును ట్రాక్టరు మీద తీసుకొచ్చారు. తొక్కుతుండగా మఫ్లరు కొస ఊడి ముందు చక్రం పుల్లల్లోకి పోయింది. చక్రం తిరిగినకొద్దీ మఫ్లరు చుట్టుకొని బాబు మెడను హ్యాండిలు మీదికి లాగేసింది. అదృష్టం కొద్దీ దారిన గొర్రెలు తోలుకొని పోతున్న కాపరి ఒకరు చూసి, మొలలోని కత్తి తీసి గుడ్డ కోసేశారు. ముడి విప్పాలని గాని, చక్రం వెనక్కి తిప్పాలని గాని ఆయన ఆగలేదు. ఆ కొన్ని క్షణాలే బాబును కాపాడాయి. మెడ చుట్టూ ఎర్రటి వాత, కళ్లలో రక్తపు చుక్కలు, పది రోజుల దాకా గొంతు బొంగురు. ప్రభువు కృప, అంతటితో పోయింది.

తల్లి మమ్మల్ని నిందించలేదు. వార్డులో మంచం పక్కన కూర్చొని, "మీరు చెప్పినారనే కదా సిస్టరమ్మా కట్టింది" అన్నది, అంతే. సగం మాట చెప్పి పంపామని మాకు అప్పుడు తెలిసింది. కప్పమని చెప్పాము గాని ఎలా కప్పాలో చెప్పలేదు. సైకిలు మీద పోతాడా, నడిచి పోతాడా అని అడగనైనా లేదు. ఆ రోజు నుండి మా దగ్గర ఉబ్బసం పిల్లల తల్లిదండ్రులను మొదట అడిగే ప్రశ్న, "బడికి ఎలా పోతాడు?" అన్నది.

ఇది మన ఊరికే వచ్చిన ఆపద కాదు. ఇసడోరా డంకన్ అనే ప్రసిద్ధ అమెరికా నర్తకి 1927 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశపు నీస్ పట్టణంలో ఇలాగే పోయింది. ఆమె పొడుగాటి పట్టు స్కార్ఫు కారు చక్రంలో చిక్కుకుంది. మన దేశంలో ఆడపిల్లల చున్నీలు సైకిలు, మోటారు సైకిలు చక్రాల్లో, ఆటో చక్రాల్లో, పిండి గిర్నీల పట్టాల్లో చిక్కుకోవడం ఆసుపత్రుల్లో పనిచేసే వారందరికీ తెలిసిన గాయమే.

మెడకు ఏం కట్టాలి

కొసలు వేలాడేది ఏదీ సైకిలు మీద వద్దు. మఫ్లరు ఉంటే మెడకు చుట్టి రెండు కొసలు చొక్కా లోపలికి దోపి, పైన స్వెటరు వేసుకోవాలి. స్వెటరు పైన చుట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఊడి వస్తుంది. అమ్మాయిలు చున్నీని రెండు భుజాల మీద వేసి, వెనుకకు తీసి, నడుము దగ్గర ముడి వేసి తొక్కాలి. ఇంకా మంచిది చున్నీని మడిచి సంచిలో పెట్టి, పైన కోటు లాంటిది వేసుకోవడం. ఇది చెప్పినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు కొందరు ముఖం చిట్లిస్తారు. మేమూ ఆడపిల్లల తల్లులమే, మర్యాద తెలియనివాళ్లము కాదు. పైన వదులైన కోటు వేసుకుంటే మర్యాదకూ లోటు లేదు, మెడకూ భయం లేదు.

చిన్న పిల్లలకు మా సిస్టర్లు ఒక మెడపట్టీ కుడుతున్నారు. ఇంట్లో మీరూ కుట్టవచ్చు. పాత స్వెటరు చేయి గాని, మందపాటి చేనేత గుడ్డ గాని తీసుకోండి. పిల్లవాడి మెడ చుట్టుకొలత కంటే నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువగా, జానెడు ఎత్తు ఉండేలా కత్తిరించి అంచులు మడిచి కుట్టండి. రెండు చివరలు కలిసే చోట ముడి గాని, కాజా గుండీ గాని పెట్టవద్దు. రెండు టిచ్చు గుండీలు మాత్రమే పెట్టండి. గట్టిగా లాగితే అవి వాటంతట అవే ఊడిపోవాలి, అదే దాని గుణం. కుట్టిన తర్వాత మీ చేతితో ఒకసారి లాగి చూడండి. ఊడకపోతే అది పనికిరాదు. చలిగా ఉంటే ఈ పట్టీని ముక్కు మీదికి లాక్కోవచ్చు, కొసలు లేవు కనుక చక్రం దాకా పోదు. గుడ్డకు కొత్తగా ఖర్చు పెట్టనక్కరలేదు. మనకు దగ్గరలోనే ఎమ్మిగనూరు ఉంది. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడి మందపాటి దుప్పటి పాతబడితే ఒక దుప్పటికి ఎన్నో పట్టీలు వస్తాయి.

ఒకవేళ చిక్కుకుంటే కాపరి చేసిన పనే చేయండి. కోసేయండి. కత్తి, బ్లేడు, కొడవలి, ఏది దొరికితే అది. సైకిలును, పిల్లవాడిని విడివిడిగా లాగవద్దు. విడిపించాక పిల్లవాడు బాగానే మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకురండి. గొంతు లోపల వాపు కొన్ని గంటల తర్వాత పెరగవచ్చు. గొంతు మారినా, మింగలేకపోయినా, ఊపిరి పీల్చేటప్పుడు శబ్దం వచ్చినా ఆలస్యం వద్దు, 108కి ఫోను చేయండి. మెడను అటూ ఇటూ తిప్పి చూడవద్దు.

ఒంటి మీద బట్టలు

ఒక మందపాటి దానికంటే రెండు పలుచటివి మేలు. రెండింటి మధ్య నిలిచే గాలే మనకు వెచ్చదనం ఇచ్చేది. తొక్కుతూ ఒళ్లు వేడెక్కితే పైది తీసి సంచిలో పెట్టుకోవచ్చు. చాలామంది చేసే పొరపాటు, బయలుదేరేటప్పుడే వెచ్చగా ఉండేంత కప్పుకోవడం. రెండు కిలోమీటర్లు పోయేసరికి చెమట పడుతుంది, నూలు బనియను తడిసి ఒంటికి అతుక్కుంటుంది, ఆగినప్పుడు ఆ తడే చలి పుట్టిస్తుంది. ఇంటి గడప దగ్గర కాస్త చలిగా అనిపించేంత కప్పుకుంటే దారిలో సరిపోతుంది. మిల్లుకో బడికో చేరాక మార్చుకోవడానికి ఒక పొడి బనియను వెంట ఉంటే ఇంకా మంచిది.

ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. మన కురుబ సోదరులు తరతరాలుగా కంబళి వాడుతున్నది తెలియక కాదు. కానీ కంబళి కప్పుకొని సైకిలు తొక్కవద్దు, చక్రానికి అది మఫ్లరు కంటే ప్రమాదం.

డబ్బు లేనివారికి ఒక ఉపాయం. పాత న్యూస్ పేపరు రెండు మూడు మడతలు వేసి చొక్కాకూ స్వెటరుకూ మధ్య రొమ్ము మీద పెట్టుకోండి. గాలి లోపలికి దూరదు. దీన్ని చిన్నతనంగా భావించనక్కరలేదు. ఫ్రాన్సు దేశంలో జరిగే పెద్ద సైకిలు పందెం టూర్ ద ఫ్రాన్స్‌లో, కొండ ఎక్కిన పందెగాళ్లు దిగేముందు దారి పక్క జనం చేతుల్లోని పేపర్లు తీసుకొని ఇలాగే చొక్కాలో దోపుకునేవారు. మన పేపరు అబ్బాయిలకైతే సరుకు చేతిలోనే ఉంది.

పంచె, లుంగీ కట్టేవారు గోచీ బిగించి తొక్కాలి. ప్యాంటు వేసేవారు చైను వైపు కాలి అంచును సాక్సులోకి దోపాలి, లేదా బట్టలారేసే క్లిప్పు పెట్టాలి. చీర కట్టుకొని క్యారియరు మీద ఒక పక్కకు కూర్చునే అక్కలు కొంగు నడుములో దోపుకోవాలి. కుచ్చిళ్లు ఒడిలోకి లాక్కోవాలి. ఆ వైపు చక్రానికి జాలీ గార్డు ఉంటేనే ఎక్కాలి.

ముక్కు, గుండె

చల్లటి పొడి గాలి వేగంగా పీల్చితే ఉబ్బసం ఉన్నవారికి గొట్టాలు బిగుసుకుంటాయి. ముక్కు మీద పలుచటి గుడ్డ ఉంటే మనం వదిలిన ఊపిరిలోని తేమ, వెచ్చదనం కొంత అందులో నిలిచి, పీల్చే గాలి మెత్తబడుతుంది. 2020, 2021లలో కోవిడ్ రోజుల్లో కుట్టించుకున్న గుడ్డ మాస్కులు బీరువాల్లో ఉంటే ఉతికి తీయండి, వాటి పని ఇంకా ఉంది. డాక్టరుగారు తొక్కే ముందు పీల్చమని ఇన్‌హేలరు రాసి ఉంటే, దాన్ని ఇంట్లో పెట్టి పోకుండా జేబులో ఉంచుకోండి. మిల్లు పనివారికి ఒక మాట. పగలంతా పత్తి దుమ్ములో మెడ మీదున్న తువ్వాలునే ఇంటికి వచ్చేటప్పుడు ముక్కుకు కట్టుకోవద్దు. వేరే గుడ్డ పెట్టుకోండి.

చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్న పెద్దలు తెల్లవారుజామున ఎదురుగాలిలో సైకిలు తొక్కే పని పెట్టుకోకుండా ఎండ వచ్చాక బయలుదేరండి. తప్పదంటే మొదటి పది నిమిషాలు మెల్లగా తొక్కండి. తొక్కుతుండగా రొమ్ములో బిగువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే కాలు కింద పెట్టి ఆగండి. "గ్యాసు పట్టింది, సోడా తాగితే పోతుంది" అనుకొని మళ్లీ ఎక్కి తొక్కినవారిని మేము చూశాము. వాళ్లలో అందరూ ఆసుపత్రి దాకా చేరలేదు.

తల, చేతులు, కాళ్లు

మంకీ క్యాపు మన పక్క అందరికీ ఇష్టం. చెవులు కప్పుతుంది, మంచిదే. కానీ చాలా మందంగా ఉంటే వెనుక వచ్చే లారీ హారను వినబడదు, పక్కకు చూడాలంటే టోపీ కళ్ల మీదికి జారుతుంది. పలుచటిది తీసుకోండి. దాని లోపల ఇయర్‌ఫోను పెట్టుకొని పాటలు వింటూ తొక్కే పిల్లలకు, అవి క్రైస్తవ గీతాలైనా సరే, మా దగ్గర మెప్పు లేదు. సైకిలు హెల్మెట్టు పెట్టుకునేవారు మన పక్క అరుదు. తలకు దెబ్బ తగిలి వచ్చినవారికి కట్లు కట్టే మేము మాత్రం కొనగలిగినవారు కొనమనే అంటాము. కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. లోపల పలుచటి టోపీ సరిపోతుంది, మందపాటిది పెడితే హెల్మెట్టు తల మీద నిలవదు.

గ్లౌజులు లేక పాత సాక్సులు చేతులకు తొడుక్కొని వచ్చే పిల్లలను చూశాము. తెలివైన పనే గాని బ్రేకు సరిగా అందదు. వేళ్ల కొసలు కత్తిరించి తొడుక్కోమని చెప్పండి.

కాళ్లకు చెప్పుల కంటే బూట్లు మంచివి. రాత్రి బయట పెట్టిన బూటును తొడిగే ముందు తలకిందులు చేసి దులపండి, చలికి తేళ్లు వెచ్చని చోటు వెతుక్కుంటాయి. షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. పెడలు ఒరుసుకున్నా, రాయి గుచ్చుకున్నా తెలియదు. ఇంటికి రాగానే దీపం వెలుతురులో రెండు పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. మడమ పగుళ్లకు కొబ్బరినూనె చాలు. గడ్డ కట్టి ఉంటే సీసాను కాసేపు ఎండలో పెట్టండి.

క్యారియరు మీద కూర్చున్న చిన్నపిల్లల మడమ వెనుక చక్రంలో పడటం మాకు ఏడాది పొడుగునా వచ్చే గాయమే. చలికాలంలో ఇంకొకటి తోడవుతుంది. శాలువాలో చుట్టి కూర్చోబెట్టిన పిల్లవాడి కాలు ఎక్కడుందో ముందున్న తండ్రికి తెలియదు. చక్రానికి గార్డు వేయించండి, కాళ్లు పెట్టుకోవడానికి రెండు వైపులా మెట్లు వేయించండి. కాలు ఇరుక్కుంటే చక్రం తిప్పి లాగవద్దు, పుల్లలు వంచి గాని కోసి గాని తీయాలి. గాయాన్ని మంచినీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టి తీసుకురండి. కాఫీ పొడి, సున్నం, గ్రీజు పూయవద్దు. పైకి చిన్నగా కనబడే గాయం కింద చర్మం నలిగి రెండు మూడు రోజులకు నల్లబడుతుంది. అందుకే చూపించకుండా ఉండవద్దు. ధనుర్వాతపు సూది సంగతీ అప్పుడే చూస్తాము.

కనబడటం

పత్తి సీజనులో మన రోడ్ల మీద బోరాలు నింపిన ట్రాక్టర్లు, లారీలు రాత్రింబగళ్లు ఆదోని వైపు పోతుంటాయి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక సెకనులో దాదాపు పదిహేడు మీటర్లు వస్తుంది. నల్లటి శాలువా, ముదురు నీలం స్వెటరు వేసుకున్న మనిషి డ్రైవరుకు బాగా దగ్గరికి వచ్చేదాకా కనబడడు. చలికి ముదురు రంగులే వెచ్చన అని కొంటారు. ఉదయం చీకటిలో సూర్యుడే లేనప్పుడు రంగుతో వచ్చే వెచ్చదనం ఏమీ లేదు. తెలుపు, పసుపు, నారింజ రంగులు వేయండి. లేకుంటే స్వెటరు మీద పాత తెల్ల చొక్కా ఒకటి తొడగండి.

స్టిక్కర్ల దుకాణంలో "రేడియం" అని అడిగితే ఇచ్చే మెరిసే పట్టీ ఉంది కదా, అది చాలా మంచి వస్తువు. పేరు రేడియమే గాని అందులో రేడియం ఏమీ లేదు. సన్నటి గాజు పూసల లాంటివి ఉండి, బండి లైటు పడినప్పుడు ఆ వెలుగును మళ్లీ ఆ బండి వైపుకే పంపుతాయి. వెనుక మడ్‌గార్డుకు ఒక ముక్క, పుస్తకాల సంచి వెనుక ఒక ముక్క, రెండు పెడళ్లకు చెరొక ముక్క అంటించండి. పెడళ్ల మీది ముక్కలు పైకీ కిందికీ ఆడుతుంటే ఎవరో సైకిలు తొక్కుతున్నారని డ్రైవరుకు దూరం నుండే తెలుస్తుంది. వెనుక ఉన్న ఎర్ర అద్దాన్ని తుడవండి. మన దుమ్ములో అది వారానికే మూసుకుపోతుంది. ముందు టార్చిలైటు, వెనుక ఎర్ర లైటు ఉంటే ఇంకేం కావాలి.

ఫిన్లాండు దేశంలో ఊలు అనే పట్టణం ఉంది. నేలంతా మంచు పరచుకున్న నెలల్లో కూడా అక్కడి పిల్లలు సైకిళ్ల మీదే బడికి పోతారు. వాళ్లకు సైకిళ్ల కోసం వేరే దారులు, దారి పొడుగునా దీపాలు ఉన్నాయి. మనకు అవి వచ్చేదాకా సంచి మీది రేడియం ముక్కతోనే కాలం గడపాలి.

క్రిస్మస్ కీర్తనలకు తిరిగే యువజనులకు ఒక మనవి. డిసెంబరు మొదటి వారం నుండి ఓపీ చీటీలు ఇచ్చే కిటికీ పక్కన బల్ల మీద రేడియం ముక్కలు, కత్తెర పెట్టి ఉంచుతాము. సైకిలుతోనే రండి, మా విద్యార్థి నర్సులు అంటించి ఇస్తారు. టిచ్చు గుండీల మెడపట్టీలు పిల్లల వార్డులో ఉంటాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకు ముందు ఇస్తాము. ఇంట్లో పాత స్వెటర్లు, మందపాటి దుప్పట్లు ఉంటే ఉతికి తెచ్చి ఇవ్వండి. ఆ బాబు తల్లి ప్రతి ఏడాది నవంబరులో ఒక సంచి నిండా తెచ్చి ఇస్తున్నది, కత్తిరించి కూడా తెస్తున్నది. మాకు కుట్టడమే మిగిలింది.